విడిచిన ఇంటికి కొత్త చీపుర్లు

“ఆ ఇంట్ల అడుగు పెట్టినంక నీకేమన్న అయితే నేనెట్ల బతకాలె గోదావరీ?”

ఈ మాట అనేటప్పటికి మేమింకా ఒక్క చీపురైనా కొనలేదు. నిజామాబాద్ బజారులో తుకారాం దుకాణం ముందు నిలబడ్డాం, అంతే. నా బిడ్డ తల పైకెత్తి, దూలానికి కట్టిన చీపుర్లను చూస్తోంది. నాకు మాత్రం అవి జుట్టు విరబోసుకుని తలకిందులుగా వేలాడుతున్న మనుషుల్లా కనబడ్డాయి.

“పొరకలు కొననీకి వచ్చినమవ్వా. పొరకల సంగతి మాట్లాడు,” అంది గోదావరి.

“ఇయ్యాల శనివారం. శనివారం పొరక కొంటరా ఎవలన్న?”

“నిన్న శుక్రవారమంటివి. మొన్న అమాస అంటివి. ఇట్లయితే పండుగకో పబ్బానికో కొనాలె ఇగ.”

తుకారాం పొట్ట ఊగేలా నవ్వాడు. దెగ్లూరు వైపు మనిషి, బకెట్లూ తాళ్ళూ చీపుర్లూ అమ్ముతాడు. “మాయీ, మీ తల్లీబిడ్డల ముచ్చట తెగేదాంక నేను పోయి బువ్వ తినొస్త,” అన్నాడు.

నవ్వేవాళ్ళకేం? భయం నాది.

మాది బీడీలు చుట్టే ఇల్లు. మా ఆయన మార్కండేయ బతికి ఉన్నప్పుడు మగ్గం ఉండేది. ఆయన పోయాక మగ్గం గుంత మట్టితో పూడ్చి, దాని మీదే చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అల్లుడు రాజేశ్వర్ పోచంపాడ్ డ్యాం పనిలో ఉన్నాడు, సెలవు దొరికితే వస్తాడు. అందుకని గోదావరి నా దగ్గరే ఉంటుంది. పొగాకు దుమ్ము పడక దానికి దగ్గు పట్టుకుంది. అది పడుకుంటే నేను ఊపిరి వింటూ కూర్చునేదాన్ని. దగ్గితే భయం, దగ్గకపోతే ఇంకా భయం. బీడీలు మానెయ్యమని డాక్టరు చెప్పాడు. మానేసి ఏం చెయ్యాలో చెప్పలేదు.

మా గల్లీలో ఒక గుమాస్తాకు బదిలీ అయి ఇల్లు ఖాళీ చేశాడు. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం గోదావరి ఆ ఇల్లు బూజు దులిపి, కడిగి, నల్లులు చంపి ఇచ్చింది. వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. అంతే, దాని మనసు అటే పోయింది. “దీన్నే పనిగ పెట్టుకుంటనవ్వా. ఇల్లు ఇడిసేటోళ్ళు, ఇంట్లకొచ్చేటోళ్ళు ఎప్పుడుంటరు. బీడీ దుమ్ము కన్న బూజు దుమ్ము నయం. ముక్కుకు గుడ్డ కట్టుకోవచ్చు,” అంది. నేను ఏదో ఒకటి అనేలోపే బోధన్ నుంచి కబురు వచ్చింది, మొత్తం ఇల్లు శుభ్రం చెయ్యాలని.

అది విడిచిన ఇల్లు. మంచి నక్షత్రం కాని వేళ ఎవరైనా పోతే మా వైపు ఆ ఇంటిని ఆరు నెలలు విడిచిపెడతారు. తాళం వేసి, గడపకు తుమ్మకంప అడ్డం పెట్టి, వేరే చోట తలదాచుకుంటారు. గడువు తీరాక తిరిగి పోవాలంటే ముందు ఎవరో ఒకరు లోపలికి పోయి ఊడ్చాలి. ఆ ఒకరు ఎవరనేదే కష్టం. కూలివాళ్ళు రారు, బంధువులు అంతకంటే రారు. ఆ ఇల్లు ఆత్మారాం అనే చెరకు రైతుది. పోయింది ఆయన భార్య గంగుబాయి.

“ఊళ్ళె ఇన్ని ఇండ్లుండంగ మొదటి బేరమే సచ్చినింటిదా?” అని ఏడ్చాను.

“ఎవలు ముట్టని ఇండ్లే మనకు దొరుకుతయవ్వా. ఆ ఇంట్ల వాళ్ళు సల్లగుంటే పదిమంది పిలుస్తరు.”

“వాళ్ళకు ఏమన్న అయితే? ఊడ్సినామె చెయ్యి మంచిది గాదంటరు. ఆ పేరు వడ్డదంటే మళ్ల నిన్ను ఏ ఇంటి గడప తొక్కనియ్యరు.”

ఆ సంగతి దానికీ తెలుసు.

ఇంటికి ఒక చీపురు కొనుక్కోవడం వేరు, పనికి కొనడం వేరు. గోదావరి ఈత చీపురును తీసి అరచేతి మీద అటూ ఇటూ ఆడించింది. ఒక ఆకు పట్టి లాగింది. పుటుక్కున తెగితే పక్కన పడేసి ఇంకోటి తీసింది. కట్టు దగ్గర వేళ్ళతో నొక్కి చూసింది. వాకిలికి పుల్లల చీపురు, షాబాదు బండలకు ఈత చీపురు, గోడలకు వెదురు కట్టె కొసన కట్టడానికి ఇంకొకటి. తుకారాం నిచ్చెన చూపించాడు. నేను అడ్డం పడ్డాను.

“నిచ్చెన వద్దు. జారితే నడుం ఇరుగుతది.”

“మరి కప్పు ఎట్ల దులుపుతదే మాయీ? ఎగురుకుంటనా?”

“పొడుగు వెదురు ఇయ్యి.”

“సరే, వెదురు కండ్లల గుచ్చుకుంటె నన్ననొద్దు,” అన్నాడు. అప్పటిదాకా నాకు కళ్ళ సంగతి తోచలేదు. ఆ తర్వాత అదే పట్టుకుంది.

ఫినాయిలు సీసా మూత తీసి వాసన చూపించాడు. కళ్ళు మండాయి. నల్లుల మందు పొడి పొట్లం చూసి, అది అన్నంలో పడితే ఏమవుతుందని అడిగాను. “ఆడ వండుకునుడు లేదవ్వా, సద్దిగట్టుకోని పోతం. తినే ముందు చేతులు బట్టల సోడతోని కడుక్కుంటం,” అంది గోదావరి. బండలు తుడిచే గుడ్డల కోసం తుకారాం చక్కెర గోనెలు తెచ్చి పడేశాడు, సగం ధరకే ఇస్తానన్నాడు. నాకు ఆశ పుట్టింది. గోదావరి ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి వెనక్కి తోసింది.

“ఇయ్యి వద్దు మామా. తడి తగిల్తె బండలు జిగటగైతయి, తెల్లారేసరికి చీమలు వడతయి. బియ్యం గోనెలియ్యి.”

“గట్టిదే నీ బిడ్డ,” అన్నాడు తుకారాం నాతో.

బకెట్లు మాత్రం జింకువి తీసుకుంది. చావింట్లో వాడిన సామాను బతికి ఉన్న ఇంటికి తేకూడదని నేను పట్టుబట్టాను మరి. “అందుకనే జింకువి. సోడనీళ్ళు మసలబెట్టి కడిగితే ఏది మిగలదు. పొరకలు ఆ ఇంట్లనే ఇడిసిపెట్టొస్తం. ప్రతి ఇంటికి కొత్తయి కొంటం.”

“దేవుడు మిమ్మల సల్లగ సూడాలె,” అని తుకారాం చేతులు జోడించాడు. “ఇంటింటికి కొత్త పొరకలంటే నేను యాడాది తిరిగేసరికి పటేల్‌నైత.”

తెల్లవారి గోదావరి స్నానానికి పోయినప్పుడు నేనొక పని చేశాను. మా ఆయన పాత ధోవతి గుడ్డ చింపి, ఒక్కో ముక్కలో ఒక నిమ్మకాయ, ఒక ఇనుప సీల, ఎండు మిరపకాయలు పెట్టి నల్లదారంతో మూటలు కట్టాను. నీళ్ళ బకెట్ ఒక్కటి వదిలి, గుడ్డలు పెట్టిన బకెట్‌కొకటి, గోనెగుడ్డల అడుగున పెట్టాను. దానికి చెబితే తీసి పారేస్తుంది. అది ఎక్కడుంటే అక్కడ బకెట్ ఉంటుంది, బకెట్ ఉన్నచోట మూట ఉంటుంది, దాన్ని ఏదీ ముట్టదు. అంతవరకే ఆలోచించాను. అలాంటి మూటను పరాయి ఇంట్లో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో ఆ పొద్దు నా బుర్రకు ఎక్కలేదు.

బస్సులో దారి పొడుగునా చెరకు బండ్లు. ఎద్దులు పక్కకు జరిగేదాకా డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. బోధన్ దగ్గర పడేకొద్దీ చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన వచ్చింది, తియ్యగా, కుళ్ళినట్టుగా. శవం దగ్గర పూలదండలు వాడిన వాసన కూడా ఇలాగే ఉంటుందని తోచింది. ఆ మాట పైకి అనలేదు. గోదావరి వెదురు కట్టె కిటికీ బయటికి పెట్టి పట్టుకుని, ఊరికే నవ్వుతూ కూర్చుంది.

ఆత్మారాం ఇల్లు ఊరి చివర, చెరకు తోటకు ఆనుకుని ఉంది. ఆయన తోటలో వేసుకున్న గుడిసెలోంచి వచ్చాడు. ఎత్తుగా, ఎండిన గడలా ఉన్నాడు. కర్రతో కంప పక్కకు నెట్టి, తాళం తీసి, తాళంచెవి మా చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టాడు. పెట్టి వెనక్కి నడిచి, ఆ కంప కుప్ప పక్కనే నిలబడ్డాడు.

ఆయన బదులు మాట్లాడింది ఆయన అక్క సాయవ్వ. “ఏ వస్తువు ఏడున్నదో నాకెరుకనే. సూది పోయినా మీదే జిమ్మ. ఊడ్సిందంత బయట వాకిట్ల కుప్ప పోయాలె, నేను సూసినంకనే కాలవెట్టాలె.”

“గట్లనే అవ్వా,” అంది గోదావరి.

“ఇంకో మాట. మా గంగు అట్టిగ సావలే. మంచిగున్న మనిషి మంచం వట్టింది. ఎవలో చేసిండ్రు. బాణామతి చేసినోళ్ళు ఎన్నటికన్న దొరుకుతరు. దొరికిన్నాడు వాళ్ళ పండ్లు నా చేతులతోని రాలగొడ్త.”

చేతబడి చేస్తుందని బాణామతి పేరు పడ్డ ఆడదాన్ని ఏం చేస్తారో నేను చిన్నప్పటి నుంచి విన్నాను. నా చెయ్యి దానంతట అదే బకెట్ మీదికి పోయింది. మూటలు తీసేద్దామంటే సాయవ్వ కళ్ళు మా మీదే ఉన్నాయి. గోదావరి ముక్కుకు గుడ్డ కట్టుకుని గడప దాటింది. దాని వెనకే నేను.

లోపలి గాలి ఎవరో నోట పట్టుకుని ఉన్నట్టు వెచ్చగా ఉంది. పొయ్యి మీద కుండ అలాగే ఉంది, అడుగున గింజలు నల్లగా అంటుకుని. గూట్లో ప్రమిద, దానిలో ఎండిన నూనె. అద్దం చెక్కకు అంటించిన బొట్టు బిళ్ళ. అన్ని బండల మీదా వేలు మందాన దుమ్ము ఉంది. కానీ వంటింటి నుంచి తలుపు దాకా ఒక బాటలో మాత్రం దుమ్ము పలచగా ఉంది, రోజూ ఎవరో నడుస్తున్నట్టు.

“గోదావరీ, ఇది సూడు.”

“పందికొక్కులవ్వా. తోట పక్కన ఇల్లు, రాకుంట ఉంటయా?” అని ఆ బాట మీదే చీపురు వేసింది.

నేను కళ్ళు తిప్పుకున్నాను. తిప్పుకుని మళ్ళీ చూశాను. పైనుంచి బూజు తెరలు తెరలుగా దిగుతోంది. వెదురు ఊగినప్పుడల్లా గాజులు తగిలినట్టు చప్పుడు. దూలం మీది బల్లులే అయి ఉంటాయి. అది వేరే గదిలోకి పోతే నేను పిలిచేదాన్ని, “గోదావరీ!” అని. “ఆఁ” అనేది. నీళ్ళ బకెట్ నింపి వచ్చేసరికి కనబడకపోతే మళ్ళీ, “గోదావరీ!” “ఆఁ, ఉన్ననే.” పొద్దంతా ఇదే. ఒకసారి పిలిస్తే పలకలేదు. పరుగెత్తాను. లోపలి గదిలో గూటి ముందు కూర్చుని దువ్వెన చేతిలో పెట్టుకుని చూస్తోంది. పళ్ళ మధ్య ఇంకా వెంట్రుకలు ఉన్నాయి.

“ఎందుకు పలుకవే?”

“ఆమె గుడ మనలెక్కనే దువ్వుకోని, ఊడిన ఎంటికలు చుట్టి గోడ సందుల వెట్టేదేమో అవ్వా. ఈడ సూడు, సందు ఖాళీగున్నది. ఒక్కటి లేదు.”

“నీకెందుకే ఆ లెక్కలు? అది అట్ల వెట్టి లేవ్!”

దువ్వెన జాగ్రత్తగా గూట్లోనే పెట్టింది. ధాన్యం గుమ్మి వెనక చీపురు దూర్చి ఊడ్చింది. ఎలుకలు కొరికిన గుడ్డపేలికలు, గుల్లలు, మట్టి అన్నీ చాటలోకి ఎత్తి వాకిట్లో కుప్ప పోసి వచ్చింది. సోడనీళ్ళతో బండలు కడిగింది. బండ అసలు రంగు నీలంగా బయటపడ్డాక దాని ముఖం చూడాలి. “వాళ్ళు గడపల కాలు పెడితే సల్లగ తగలాలె,” అంది. ఆ మాటకు నాకు ఒక్క నిమిషం భయం పోయింది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క నిమిషమే.

బయట సాయవ్వ కేక పెట్టింది.

వాకిట్లో కుప్పను ఆమె కట్టెతో కెలుకుతోంది. కట్టె కొసన దుమ్ము పట్టిన చిన్న మూట, నల్లదారంతో కట్టింది. బకెట్లు అటూ ఇటూ మోసినప్పుడు గుడ్డల నుంచి జారి పడి ఉంటుంది, చాటలోకి ఎక్కి ఉంటుంది అనుకున్నాను.

“బాణామతి!” అని అరిచింది సాయవ్వ. “ఇల్లు కడగ వచ్చి మందు పెడుతున్నవా లంజె! మా గంగును మింగింది సాలదా?”

రోడ్డు మీద చెరకు బండ్లు ఆగాయి. చెరకు కొట్టే మనుషులు కత్తులు చేతిలోనే పట్టుకుని దిగి వాకిట్లోకి వచ్చారు. గోదావరి తడిచేతులతో గడపలో నిలబడి, “ఏం మూట? నాకెరుక లేదవ్వా, ఒట్టు,” అంటోంది. దాని గొంతు నేను అంతకు ముందు అలా వినలేదు. సాయవ్వ దాని కొప్పు పట్టుకుంది. ఒకడు, “పట్టు అక్కా, ఇడవకు,” అన్నాడు.

“నాది!” అన్నాను. “అది నాది. నా బిడ్డకు ఎరుక లేదు. దాన్ని ఇడువు.”

సాయవ్వ చెయ్యి వదలలేదు కానీ నావైపు తిరిగింది.

“మీ ఇంటికి జేసింది గాదు తల్లీ. నా బిడ్డకు ఏం గావద్దని కట్టి, గుడ్డల బకెట్‌కొకటి పెట్టిన. మీ ఇంట్లకు దాన్ని ఒంటిగ తోల్తనా? నాకున్నదే అది. ఏమన్న చేస్తే నన్ను చెయ్యి.”

“అవ్వా!” అంది గోదావరి. ఆ చూపు నేను బతికి ఉన్నంతకాలం మరచిపోను. భయపడుతున్న మనిషి చూపు కాదది. తన మొదటి పనిని నేను నా చేతులతో మట్టిలో కలిపానన్న చూపు.

“దాపెట్టి తెచ్చింది, సూస్తిరా!” అని సాయవ్వ కట్టెతో మూటను నేల మీద రుద్దింది. నల్లదారం పుటుక్కున తెగింది. గుడ్డ విచ్చుకుంది.

లోపలిది నిమ్మకాయే. కానీ బొగ్గులా నల్లబడి, గోటి కింద నొక్కితే పొడి అయ్యేలా ఎండింది. సీల తుప్పు పట్టి గుడ్డకు అంటుకుంది. వాటి మధ్యన ఒక ఉండ ఉంది, పొడుగాటి ఆడమనిషి వెంట్రుకలు, చుట్టలు చుట్టి. కొసల్లో గోరింటాకు ఎరుపు.

నేను వెంట్రుకలు పెట్టలేదు.

నాకంటే ముందు గోదావరికి అర్థమైంది. విదిలించుకుని లోపలికి పోయి, గుడ్డల బకెట్లు ఒక్కొక్కటే తెచ్చి అందరి ముందూ బోర్లించింది. గోనెగుడ్డలు పడ్డాయి. ప్రతి బకెట్ నుంచీ ఒక తెల్ల మూట పడింది. పళ్ళతో దారం కొరికి విప్పింది. పచ్చని నిమ్మకాయలు దొర్లి సాయవ్వ పాదాల దగ్గర ఆగాయి.

“మా అవ్వయి ఇయ్యే. నిన్నటి కాయలు. అన్ని ఈడనే ఉన్నయి సూడుండ్రి,” అంది. రొప్పుతోంది. దగ్గు వచ్చింది, ఆపుకుంది. “ఆ మూట నేను గుమ్మి ఎనుకనుంచి ఊడ్సిన చెత్తల వచ్చింది. ఎండి ఎన్నాళ్ళయిందో మీరే సూడుండ్రి.”

చెరకు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాయవ్వ కట్టె కింద పెట్టింది. వంగి, ఆ వెంట్రుకల కొసలు చూసింది. ముట్టుకోలేదు.

“గంగుయే,” అంది మెల్లగా. తర్వాత గొంతు పెంచింది. “తాళమేసి ఉన్న ఇంట్ల, గుమ్మి ఎనుక, మా గంగు ఎంటికలతోని. మరి గిదెవలు వెట్టిండ్రు?”

చెరకు మనుషులు కుప్ప దగ్గర నుంచి వెనక్కి జరిగారు.

“బయటోళ్ళు ఆమె దువ్వెన దాంక ఎట్లొస్తరు? ఎవలు వెట్టిండ్రంటున్న!”

ఎద్దు మెడలో గంట ఒకటి కదిలి ఆగింది. తెరిచిన తలుపు లోపల కడిగిన బండలు తడిగా మెరుస్తున్నాయి. గోదావరి నా పక్కకు వచ్చి నిలబడింది, నా చెయ్యి మాత్రం పట్టుకోలేదు. సాయవ్వ అందరినీ చూసి, చివరికి కంప కుప్ప వైపు చూసింది. ఆత్మారాం తాళం తీసినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. ఇంత గొడవలోనూ ఒక్క అడుగు ముందుకు రాలేదు, అప్పుడు చూశాను. తుమ్మకొమ్మ ఒకటి అరచేతిలో పట్టుకుని ఉన్నాడు. ముళ్ళు దిగి రక్తం వస్తున్నా ఆయనకు తెలియడం లేదు.

“తమ్మీ,” అంది సాయవ్వ. “నీకేమన్న ఎరుకనా?”

ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు. నాకు ఆ నోరు తెలుసు. చెబితే ఏదో మీద పడుతుందని మూసుకునే నోరు. చెరకు మనుషుల్లో ఒకడు కత్తి నేల మీద పెట్టి కూర్చున్నాడు. నీడలు అరుగు అంచు దాటాయి. సాయవ్వ చూపు తిప్పలేదు.

ఆయన కొమ్మ వదిలి నడిచి వచ్చాడు. చెత్తకుప్ప పక్కన గొంతుక్కూర్చుని, ఆ వెంట్రుకల ఉండను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“నేనే వెట్టిన అక్కా,” అన్నాడు. “గంగుకు నయమైతదని మంత్రమేసేటాయన్ని తోలుకొస్తే గిట్ల చెయ్యమన్నడు. ఎవలకన్న చెప్తె చెప్పినోని ఇల్లు మునుగుతదన్నడు. గంగు... గంగు దవాఖానకు తోలుకపొమ్మని అడుగుతనే ఉండె.”